నల్లకు చుట్టిన బీడి దారం

చేతుల పని ఆపకుండ్రి, బీడీల చాట ఒళ్ల పెట్టుకొనే వినుండ్రి. గని ఒక్క మాట, మధ్యల నవ్వద్దు. నవ్వినోళ్లకు చాయ్ లేదు. మొన్న ఐతారం మా నట్టింట్ల పసుపు నీళ్ల వాగు పారింది. మా అన్న నెత్తి మీదికెల్లి నీళ్లు కారినయ్. మా అవ్వ బువ్వ తినుడు ఆపి నా మొఖం చూసింది. గా చూపు యాదికొస్తే ఇప్పటికీ నా పానం ఎట్లనో అయితది. గింతకూ గిదంత చేసిందెవలు? ఇగో, మీ ముందల కూసున్న నేనే.

మొదట్నుంచి చెప్త ఆగుండ్రి.

మీకు ఎరుకే గదా, నాకూ మా వదినెకూ రెండేండ్ల నుంచి మాటల్లేవు. ఎల్లారెడ్డిల మా అన్న కొత్తిల్లు కట్టిండు, గృహప్రవేశం చేసి ఇంట్లకు పోయిండ్రు. సొంత ఆడబిడ్డను నన్నెట్ల పిలవాలె? ఇంటికొచ్చి, బొట్టు పెట్టి పిలవాలె. మా వదినె ఏం చేసింది? ఫోన్ చేసింది! "సుజాతా, ఐతారం ఇంట్లకు పోతున్నం, మీరందరు రాండ్రి" అన్నది. అయిపోయింది! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గ్యాస్ బండ బుక్ చేసినట్టు ఫోన్ల పిలుస్తరా ఆడబిడ్డను?" అని నేను పోనే పోలే. మా ఆయన మస్తు చెప్పిండు. "పోదాం పా, ఆమెకు ఇంటి పని మీద తీరకపోయి ఉంటది, సొంత అన్న గదనే" అన్నడు. నేను వింటనా? ఆమె నారాజు, నేను నారాజు. నడుమల మా అవ్వ, మమ్మల్ని కన్న తల్లి, ఇద్దరికీ చెప్పలేక నలిగింది.

ఈ ఎండకాలం మా అవ్వనే పట్టు పట్టింది. "నా బిడ్డకు ఒడిబియ్యం పొయ్యాలె. నా చేతులు ఆడంగనే పొయ్యాలె" అని మా అన్న ఎంబడి పడ్డది. ఒడిబియ్యమంటే ఉత్త బియ్యమా? తల్లిగారోళ్లు పసుపు కలిపి, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు ఏసి, దోసిళ్లతోటి మన ఒళ్ల పోస్తరు. మనం తెచ్చుకొని దేవుని ముందల పెట్టి, మంచి దినం చూసి వండి, నలుగురికి పెట్టాలె. ఊకూకె పోసేది గూడ గాదు, ఒక్కసారి పోసిన్రంటే మల్ల ఏండ్లు పడతది. అవ్వ మాట కాదనలేక ఎల్లారెడ్డికి పోయిన.

మా వదినెనే ఫస్ట్ వచ్చి దోసిలి పట్టింది. నేను ఒడి పట్టిన. నా కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్. "సుజాతా, మనసుల పెట్టుకోకు" అన్నది మెల్లగ. "నేనే ఎక్కువ చేసిన వదినె" అనే మాట నోటి దాక వచ్చింది. గని బయటికి రాలే. ఏం నోరో నాది! తిట్టనీకైతే బండి లెక్క ఉరుకుతది.

ఆఖరికి ఆమెనే అన్నది, "ఐతారం మేమందరం కామారెడ్డికొస్తం. గా ఒడిబియ్యం బువ్వ మీ ఇంట్లనే, నీ చేతితోటే తింటం" అని. రెండేండ్లకు మా గడప తొక్కుతమన్నరు! నాకు పండుగొచ్చినట్టయింది. ఎల్లారెడ్డి బస్సుల సీటు దొరకలే. లింగంపేట దాక నిలబడే వచ్చిన, మూట మాత్రం కింద పెట్టలే. పక్కకున్న పెద్దమ్మ "గంత బరువు పట్టుకొని నిలబడ్డవ్, జర కింద పెట్టరాదు బిడ్డా" అన్నది. "ఒడిబియ్యం పెద్దమ్మ, కింద పెట్టద్దు" అన్న పెద్ద చదువుకున్నదాని లెక్క.

గీ మాట యాదుంచుకోండ్రి. మల్ల పనికొస్తది.

ఇంటికొచ్చినంక, మా వంటింట్లనే గదా దేవుని అర, దాని కింద స్టూలు ఏసి, స్టూలు మీద కొత్త తువ్వాల మూట అట్లనే పెట్టి దీపం ముట్టిచ్చిన. అంతా మంచిగనే ఉన్నది. శుక్రారం పొద్దుగాల చూస్తె, గిన్నెలు తోమే కాడ నల్ల, గోడల పైపుకు బిగిచ్చిన జాగల నుంచి టప్... టప్... అని కారుతుంది. తిప్పే కాడ గాదు, మొదట్ల.

"ప్లంబర్‌ను పిలుస్త ఆగు" అన్నడు మా ఆయన, బట్టల షాపుకు పోయేందుకు అంగి ఏసుకుంట.

"నల్ల బిగిచ్చేటందుకు ప్లంబరా? ఆయనొచ్చి ఏం చేస్తడు? దారం చుడుతడు, బిగిస్తడు. గదే గదా?"

"నీకొస్తదా?"

"చిన్నప్పటి సంది దారం చుడుతున్న చేతులివి. బీడికి చుట్టినట్టే నల్లకు చుడుత. నువ్వు పో షాపుకు."

మా ఆయన నా దిక్కు చూసిండు, నల్ల దిక్కు చూసిండు. "ముట్టుకోకే, ఐతారం చుట్టాలొస్తున్నరు" అన్నడు. గట్ల అనకపోతే ముట్టుకోకపోదునేమో. అన్నడు కాబట్టి ఇగ ముట్టుకోవాల్సొచ్చింది.

ఫోన్ల వీడియో పెట్టిన. ఒకాయన హిందీల ఏందేందో చెప్తున్నడు. నాకు మాటలు సగం సమజయినయ్, చెయ్యి మాత్రం కనవడ్డది. నల్ల ఊడదీసిండు, మరలకు తెల్ల టేపు చుట్టిండు, మల్ల బిగిచ్చిండు. గంతే! మా కిరాయింటి ఓనరమ్మ దగ్గర పానా అడుక్కొచ్చిన. తెల్ల టేపు ఇంట్ల లేదు. దుకాణం దాక ఎవలు పోతరు గా ఎండల? ఇంట్ల బీడి దారం మాత్రం బొచ్చెడుంది. టేపయితే ఏంది, దారమయితే ఏంది?

ముందుగాల వాల్వ్ బంద్ చెయ్యాలె గదా. మా వాల్వ్ ఏడుంటది? సజ్జ మీద, మూలకు. చెయ్యి అందది. స్టూలు కావాలె. స్టూలు మీదేమున్నది?

అగో, ఇప్పుడు మీ చేతులు ఆగినయ్.

అవు. మూట తీసి కింద పెట్టిన. గిన్నెలు తోమే కాడికి రెండు అడుగుల దూరంల, ఉత్త నేల మీద. "ఒక్క నిమిషమే గదా తల్లీ, ఏమనుకోకు" అని దండం గూడ పెట్టిన. లింగంపేట దాక కాళ్లు గుంజినా కింద పెట్టనిదాన్ని, నా వంటింట్ల నా చేతులతోటి కింద పెట్టిన. గప్పుడు నా చెయ్యి ఎందుకు ఇరగలేదో!

స్టూలెక్కి వాల్వ్ బంద్ చేసిన. పానాతోటి నల్ల తిప్పిన, ఊడొచ్చింది. మరలు తుడిచి, బీడి దారం చుట్టిన. ఎంత మంచిగ చుట్టిన్నో చెప్పాల్నా? సందు లేకుంట, పోగు మీద పోగు, గుండ్రంగ. కార్ఖానల మేస్త్రి చూస్తె శభాష్ అనేటోడు. మల్ల నల్ల పెట్టి తిప్పిన. జర వంకరగ ఎక్కినట్టు అనిపిచ్చింది గని, బలంగ తిప్పితే ఎక్కింది. స్టూలెక్కి వాల్వ్ ఇడిచిన. చూసిన. చుక్క లేదు! ఒక్క చుక్క గూడ కారలే!

ఇగ నా సంబురం చూడాలె. కొంగు నడుముకు చెక్కి, ఓనరమ్మను చెయ్యి పట్టి గుంజుకొచ్చి చూపిచ్చిన. "అబ్బో, నువ్వు దుకాణం పెట్టుకోవచ్చే" అన్నదామె. మా ఆయనకు ఫోన్ చేసిన. "ప్లంబర్ అవసరం లేదు, పనయిపోయింది" అన్న. "నిజమా?" అన్నడు. ఆయన గొంతుల నమ్మకం లేదు. గా నమ్మకం లేని గొంతే కరెక్టని తర్వాత తెలిసింది. సంచి పట్టుకొని, ఐతారానికి కూరగాయలు కొననీకె మార్కెట్‌కు పోయిన.

స్టూలు వాల్వ్ కింద్నే ఉన్నది. మూట కిందనే ఉన్నది. నా మతి మాత్రం శభాష్‌గిరి మీద ఉన్నది.

మార్కెట్ల వంకాయలు ఏరిన, చింతపండు కొన్న, పాయసానికి సేమ్యా కొన్న, తెలిసినామె కలిస్తే నల్ల ముచ్చట ఆమెకు గూడ చెప్పిన. మల్లొచ్చేసరికి మా తలుపు ముందల ఓనరమ్మ నిలబడ్డది. నడుము మీద చేతులున్నయ్.

"ఏందే సుజాతా, గడపకు పసుపు పూసినవా? ఇంత పసుపా? వాకిలంత పచ్చగయింది!"

చూస్తె, మా తలుపు కిందికెల్లి పచ్చటి నీళ్లు వస్తున్నయ్. మెల్లగ, నిమ్మళంగ, పేరంటానికొచ్చినట్టు. సంచి ఆడ్నే జారిపోయింది, వంకాయలు వాకిట్ల దొర్లినయ్. తలుపు తీస్తె వంటింట్ల మడిమల దాక నీళ్లు. గోడల పైపుకెల్లి నీళ్లు ఇంత లావున వచ్చి ఎదురు గోడకు కొడుతున్నయ్. నా నల్ల, నా శభాష్ నల్ల, దేవుని అర ముందల పడ్డది. మెడకు ఇంకా బీడి దారం ఉన్నది.

మూట? నీళ్లల్ల కూసొని ఉన్నది. ఉబ్బింది. ముట్టుకుంటె మెత్తగ ఉన్నది.

స్టూలెక్కి వాల్వ్ బంద్ చేసి, తడి నేల మీద్నే కూలబడి ఏడ్చిన. ఓనరమ్మ "ఏడిస్తే నీళ్లు ఇంకా ఎక్కువైతయే, లెవ్వు" అని చీపురు చేతుల పెట్టింది. ఆమె ట్యాంకు మొత్తం ఖాళీ అయింది పాపం, అయినా ఆ దినం నన్ను తిట్టలే. ఓనరమ్మ తిట్టలేదంటే నా మొఖం ఎట్లున్నదో మీరే సమజ్ చేసుకోండ్రి.

మా ఆయనొచ్చిండు. మూట ఇప్పి చూసిండు. బియ్యం నాని, తెల్లగ పలిగి, పసుపంత కారిపోయింది. ఇగ ఆయన నోరు ఊకుంటదా? "నానినయ్ గదా, మినప్పప్పు కలిపితే దోశలు మంచిగొస్తయ్" అన్నడు. చీపురు ఇసిరేసిన. తాకలే. గది గూడ నా బాధనే.

"వదినెకు ఫోన్ చెయ్యి" అన్నడు మల్ల, ఈసారి నవ్వకుంట. "గిట్లయింది వదినె అని చెప్పు. ఏమంటది?"

"ఏమంటదా? నా చేతి బియ్యం పడేసిందంటది. కావాల్ననే పడేసిందంటది. రెండేండ్ల కోపం ఇప్పుడు తీర్చుకుందంటది. నువ్వు ఊకో."

"అనది."

"అంటది!"

నేనైతే అందును గదా, గందుకే ఆమె గూడ అంటదనుకున్న.

శనివారం డాబా మీద ఆరబోస్తె కోతులొచ్చినయ్. కట్టె పట్టుకొని కావలి కూసున్న. ఎండకు నా నెత్తి కాలింది గని, బియ్యానికి పులిసిన వాసన మాత్రం పోలే. అట్లని ఒడిబియ్యం ఎవలన్న పారబోస్తరా? పాపం తగలదా? చుట్టాలు పోయినంక ఆవుకు పెడదాం తియ్యి అనుకొని, పాత దుప్పటి పరిచి, మంచం కింద పలుచగ ఆరబోసి, మంచానికి చెద్దరు కిందికి ఏలాడేసిన, ఎవలకూ కనవడకుంట.

మల్ల నేను చేసిన పని చెప్పాలంటే నాకు శరమయితుంది. కిరాణం షాపుకు పోయి బియ్యం కొన్న. ఇంట్ల కూసొని, తలుపేసుకొని, పసుపు కలిపిన. నా ఒడిబియ్యం నేనే కలుపుకున్న! తల్లిగారు బతికుండంగ, వదినె పిలిస్తె పలికేటంత దూరంల ఉండంగ, దొంగ లెక్క గిన్నెల చెయ్యి పెట్టి కలుపుతుంటె చేతులు పచ్చగయినయ్ గని, మనసుకు ఏం అంటలే.

నల్ల సంగతంటరా? ప్లంబర్ "మా మేనమామ బిడ్డ పెండ్లి, సోమారం వస్త" అన్నడు. వాల్వ్ బంద్ ఉంచుదామంటె బాత్రూంల గూడ నీళ్లు రావు, గా వాల్వ్ కిందనే అన్ని. చుట్టాలొస్తె ఎట్ల? నేను మల్ల దారం చుట్టి, ఇంకిన్ని పోగులు ఎక్కువ చుట్టి ఇస్తె, మా ఆయన నల్ల పెట్టి, మీదికెల్లి సైకిల్ ట్యూబు ముక్క గట్టిగ కట్టిండు. ఈసారి నేను ఎవలనూ చూడనీకె పిలవలే. నల్ల మీద తువ్వాల కప్పి, "ఎవ్వలు దీన్ని ముట్టద్దు" అని నా పోరగాండ్లకు ఒట్టు పెట్టిన.

ఐతారం వచ్చిండ్రు. అన్న, వదినె, అవ్వ. మా వదినె గడప తొక్కంగనే నన్ను దగ్గరికి తీసుకున్నది. నాకు లోపట దొంగకు తేలు కుట్టినట్టున్నది. "ఏందే, ఇల్లంత గుడి లెక్క వాసనొస్తుంది?" అన్నది. రాదా మరి? మంచం కింది వాసన తెల్వద్దని అగరబత్తీలు ఓ కట్ట ముట్టిచ్చిన. "మీరొస్తున్నరని వదినె" అన్న. ఆమె కండ్లు చమ్మగిల్లినయ్. గప్పుడన్న చెప్పాల్సింది. గప్పుడు చెప్తె అయిపోవు. నోరు తెరిచిన. "చాయ్ పెట్టాల్నా?" అన్న.

కింద చాపలేసి వడ్డిచ్చిన. పచ్చటి బువ్వ, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, పాయసం. మా అవ్వ మంచం పక్కకు కూసున్నది. ముద్ద కలిపి, కండ్లకద్దుకొని నోట్లె పెట్టుకున్నది. "నా బిడ్డ ఇంట్ల, నా ఒడిబియ్యం బువ్వ. ఇగ నాకేం కావాలె" అన్నది. నేను ఆమె పళ్లెంల ఇంకింత పప్పు ఏసిన. మా ఆయన పళ్లెంల మొఖం పెట్టి తింటున్నడు, లేపుతలేడు.

మా అన్న జల్ది తింటడు. తిని లేసిండు. "బావా, చేతులు బయట బకెట్ల..." అని మా ఆయన అనేలోపట, అలవాటు చొప్పున వంటింట్లకు పోయిండు. తువ్వాల లేపినట్టున్నడు. నవ్వు ఇనబడ్డది.

"ఓ సుజాతా, ఏందే ఇది? నల్లకు బీడి దారమా? బీడి అనుకున్నవా, ముట్టిచ్చుకొని తాగుదామని?"

"అన్నా, ముట్టుకోకు!" అని ఉరికిన.

"ఆగే, లూజున్నది, నేను బిగిస్త" అన్నడు. ఒక్కటే రక్తం గదా, వాడు మాత్రం ఊకుంటడా? ఎడమ చేతితోటి ఒక్క తిప్పు తిప్పిండు.

ఇగ చూడాలె. ట్యూబు ముక్క ఓ దిక్కు, నల్ల ఓ దిక్కు ఎగిరినయ్. నీళ్లు సీదా మా అన్న మొఖానికి కొట్టినయ్. ఇస్త్రీ చేసిన తెల్లంగి, దువ్వుకున్న నెత్తి, ఏమీ మిగలలే. కండ్లు తెరువలేక గోడకు చేతులాడిస్తున్నడు, "వాల్వ్ ఏడున్నదే? వాల్వ్!" అని ఒర్రుతున్నడు. మా ఆయన స్టూలు కోసం ఉరికిండు. స్టూలు మీదేమున్నది? పాయసం గిన్నె. గాయన మాత్రం గిన్నెను కింద పెట్టలే, చంకల పెట్టుకొని ఎక్కిండు. నాకంటె తెలివైనోడు.

వాల్వ్ బంద్ అయ్యేలోపల నీళ్లు వంటింట్లకెల్లి నట్టింట్లకొచ్చినయ్. మా ఇంటి వాటం మంచం దిక్కే ఉంటది. నీళ్లు మంచం కిందికి పోయినయ్. నేను చూస్తున్న. ఇటు దిక్కు పోయిన నీళ్లు, అటు దిక్కు పచ్చగ బయటికొచ్చినయ్. ముందుగాల ఓ ఖర్జూరం వచ్చింది. దాని ఎంబడి పోకలు దొర్లుకుంట వచ్చినయ్. ఇగ బియ్యం, చెద్దరు కిందికెల్లి బియ్యం, మా అవ్వ పళ్లెం కాడికి వచ్చి ఆగినయ్.

మా అవ్వ పళ్లెం లేపి పట్టుకున్నది. రెండు గింజలు ఏలుతోటి తీసి చూసింది. ఓ పోక తీసి చూసింది. మా అన్న అంగికెల్లి నీళ్లు కారుతుంటె, నా మొఖం చూసింది.

"ఇవి నేను పోసిన బియ్యం గదా బిడ్డా?" అన్నది. "మరి మేం తిన్నయి ఏ బియ్యం?"

ఇగ ఏం దాస్త? నీళ్లల్లనే కూసొని అంత చెప్పిన. కింద పెట్టిన ముచ్చట, బీడి దారం ముచ్చట, కిరాణం ముచ్చట, అంత. ఏడ్సుకుంట చెప్పిన. అన్న మొఖం తుడుచుకుంటున్నడు. నేను మా వదినె దిక్కే చూస్తున్న. ఇప్పుడు లేస్తది, చెప్పులేసుకుంటది, ఎల్లారెడ్డి బస్సెక్కుతది, ఇగ మల్ల ఈ జన్మల మా ఇంటికి రాదు అనుకున్న.

ఆమె లేసింది. తడిసిన కుచ్చిళ్లు పైకి చెక్కింది. నా పక్కకొచ్చి కూసున్నది.

"బియ్యం తడిసినయ్. నల్ల ఊడింది. ఎవల ఇంట్ల ఊడదు? ఒక్క ఫోన్ చేస్తె అయిపోవు గదా సుజాతా" అన్నది. "నేను బొట్టు పెట్టకుంట ఫోన్ చేసిన్నని నువ్వు రెండేండ్లు మాట్లాడలే. నువ్వు నాకు గా ఫోన్ గూడ చెయ్యకపోతివి."

గంతే అన్నది. తిట్టలే. తిడితే బాగుండు. తిడితే నేను గూడ ఓ మాట అందును, సమానమయిపోదుము. మెత్తగ అన్నది, గది నాకు సీదా పోయి ఈడ తాకింది. నా నోటి దాక వచ్చి ఆగిన గా మాట ఇప్పుడు బయటికొచ్చింది. "నేనే ఎక్కువ చేసిన వదినె" అన్న. "అవు, ఎక్కువనే చేసినవ్" అన్నది. ఇద్దరం ఏడ్చినం. మా ఆయన చంకల పాయసం గిన్నె పట్టుకొని స్టూలు మీద్నే నిలబడి చూస్తున్నడు.

మా అవ్వకు నవ్వొచ్చింది. బోసి నోటితోటి కిలకిల నవ్వింది. "ఒడి నిండిందో లేదో గని, ఇల్లయితే నిండింది తియ్యి" అన్నది. ఇగ అందరం నవ్వినం. ఇగో, మీరు గూడ నవ్వుతున్నరు, చాయ్ బంద్!

తర్వాత మా వదినె, నేను కలిసి నీళ్లు ఎత్తిపోసినం. మా అన్న మా ఆయన అంగి తొడుక్కొని, గుండీలు పట్టక పొట్ట కనిపించుకుంటనే కూసొని పాయసం తాగిండు. అవ్వ నేల మీది బియ్యం గింజ పోనియ్యకుంట ఏరి మూట కట్టింది. ఆవుకు తన చేతితోటే పెట్టింది. ఆ ముసలామె ఒంగి ఏరుతుంటె చూసిన. గా చేతులతోటి పోసిన బియ్యం ఒక్క ముద్ద గూడ నా నోట్లకు పోలే. మల్ల పోస్తనన్నది, "మల్ల ఒడిబియ్యం నాటికి ఉంట తియ్యి, నీ ఇంట్ల ఈత కొట్టనీకె" అన్నది. ఉండాలె. ఉంటదా? నాకు రోజూ గదే మనసుల తిరుగుతుంది. నవ్వుకుంట చెప్తున్న గని, బువ్వ ముందల కూసున్నప్పుడల్ల యాదికొస్తుంది.

పోయేటప్పుడు వదినె బొట్టు పెట్టమన్నది, పెట్టిన. నాకు గూడ పెట్టింది. "వచ్చేసారి నేనే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్త ఒడిబియ్యానికి. నువ్వు మాత్రం నల్లకు ప్లంబర్‌ను పిలువు" అన్నది బస్సెక్కుకుంట.

సోమారం పొద్దుగాల ప్లంబర్‌కు ఫోన్ చేసిన. ఎత్తలే. మల్ల చేసిన. ఎత్తలే. "చూసినవా, ఫోన్ చేస్తె ఎత్తుతలేడు" అన్న మా ఆయనతోటి.

మా ఆయన మాట్లాడకుంట దేవుని అర కాడికి పోయి, కుంకుమ భరిణె తెచ్చి నా చేతుల పెట్టిండు.